కౌన్సెలింగ్ గదికి ఒక కోడి

"తెల్లదాన్ని పట్టుకెళ్ళు. ఆ గోధుమరంగుదాన్ని ముట్టుకున్నావంటే నేను బండెక్కను," అంది గెసారె. పొద్దున్నుంచి ఇది మూడోసారి.

"తెల్లది కుంటిది అత్తయ్యా. కుంటి కోడిని తీసుకెళ్ళి పెద్దవాళ్ళ చేతిలో పెడితే ఏమనుకుంటారు?"

"కోడనుకుంటారు."

బొసిబొరి గోధుమరంగు కోడి కాళ్ళకి అరటినార చుట్టింది. రోజు విడిచి రోజు గుడ్డు పెట్టే కోడి అది. అత్తగారిది. అత్తగారికి కాలేజీలన్నా కాగితాలన్నా లక్ష్యం లేదు గాని, ఆ కోడంటే మాత్రం ఉంది.

"అసలు కోడి ఎందుకంట?" గెసారె వంటింటి గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు బిగించుకుంటోంది. శనివారమే ఆరాధన జరిగే వాళ్ళ చర్చికి తప్ప తీయని బూట్లు అవి. "తప్పు చేసినవాళ్ళు కోడి పట్టుకెళ్తారు. మన పిల్ల ఏం చేసింది? నేను అడిగాను. ఏం లేదు నానమ్మా అంది. అయిపోయింది."

"మా అవ్వ అడిగినప్పుడు నేనూ లేదనే అన్నాను."

గెసారె చేతిలో తాడు ఆగింది. అప్పుడు లేదన్న కడుపున పుట్టిన పిల్లే ఇప్పుడు పెరట్లో మొహం కడుక్కుంటోంది మరి.

కాగితం సోమవారం వచ్చింది. కూతురు కెముంటొ చదివే టీచర్ ట్రైనింగ్ కాలేజీలోనే చదువుతున్న పక్క కొండ అమ్మాయి ఒకతె తెచ్చి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది. అందులో రెండే వాక్యాలు. మీ కుమార్తెను వెంటబెట్టుకుని గురువారం ఉదయం పది గంటలకు రావలసింది. రాలేకపోతే కబురు చేయవలసింది. కింద ఊదారంగు ముద్ర: గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ కార్యాలయం.

అప్పటికి కెముంటొ ఇంటికొచ్చి పది రోజులైంది. రెండో సంవత్సరం వాళ్ళంతా చుట్టుపక్కల బళ్ళకి వెళ్ళి పాఠాలు చెప్పే ప్రాక్టీసులో ఉండాల్సిన సమయం. ఈ పిల్ల చేతిసంచితో దిగి, గొంతు పోయింది, తగ్గాక వెళ్తాను అంది. అల్లం నీళ్ళు కాచి ఇస్తే తాగేది. అడిగినదానికి తల ఊపేది. పొద్దెక్కినా లేచేది కాదు. సంకటి ముద్ద సగం పళ్ళెంలోనే వదిలేసేది. బొసిబొరి ఇవన్నీ చూస్తూ మనసులో ఒకటి అనుకుంది. కాగితం మీద ఆ గది పేరు చదవగానే అనుకున్నది ఖాయమైపోయింది.

ఆ గది సంగతి ఈ కొండల్లో ఎవరికి తెలియదు? లోపలికి వెళ్ళిన ఆడపిల్ల బయటికొచ్చి పెట్టె సర్దుకుంటుంది.

కూతుర్ని నేరుగా అడిగి తేల్చుకునే వీలు బొసిబొరికి లేదు. తల్లికీ బిడ్డకీ మధ్య ఉండాల్సిన సిగ్గు ఒకటుంది. ఒంటికి సంబంధించిన మాట ఏదైనా ఒక తరం దాటి నడవాలి. అవ్వలు అడగాలి, మనవరాళ్ళు చెప్పాలి. అవ్వలైతే నవ్వుతూ ఎంత మోటుగానైనా అడగొచ్చు, తప్పులేదు. అందుకే గెసారె మొన్న వాయింటాకు కోస్తూ అడిగింది. "ఏమే, నన్ను ముత్తవ్వని చేసేట్టున్నావే, ఎవడివల్లనే?" అని. పిల్ల తలెత్తకుండా, లేదు నానమ్మా, అలాంటిదేం లేదు అంది. గెసారె నమ్మింది. బొసిబొరికి నమ్మకం కుదరలేదు.

బొసిబొరి మొగుడు ఒంబాటి రాత్రి డ్యూటీ దిగి తేయాకు ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చాడు. కోడినీ, తల్లి బూట్లనీ చూసి, గుమ్మం బయటే ఆగిపోయాడు.

"నేను రానా?"

"నువ్వెందుకురా, తండ్రివి. నువ్వుంటే పిల్ల అసలే నోరు విప్పదు. పడుకో," అంది గెసారె.

అతను గొడుగు తీసి భార్య చేతికిచ్చాడు. "ఆకు తూచే దగ్గర చోటు సంగతి సూపర్‌వైజర్ రేపటిలోగా చెప్పమన్నాడు," అన్నాడు మెల్లగా. "కాలేజీ లేదంటే, పిల్లకి కనీసం అదైనా ఉంటుంది. రేపు దాటితే వేరేవాళ్ళకి ఇచ్చేస్తాడు."

బొసిబొరి గొడుగు చంకలో పెట్టుకుంది. కూతురు టీచరు కావడమో, ఆకు తూచడమో, ఈ పూటతో తేలిపోతుంది.

*

మటాటు వ్యాన్‌లో కోడి బొసిబొరి ఒళ్ళో సంచిలో కూర్చుని తల బయటపెట్టి దారంతా చూసింది. కెముంటొ కిటికీ పక్కన కూర్చుంది గాని ఏమీ చూడలేదు. గెసారె పక్కనున్న ఆయనతో పొగాకు ధర గురించి దెబ్బలాడింది.

కాలేజీ గేటు మారింది. చెట్లు పెరిగాయి. ఆ గది మాత్రం అక్కడే ఉంది, ఆడపిల్లల హాస్టల్‌కి ఇరవై అడుగుల దూరంలో, వరండా చివర. తలుపుకి నీలంరంగు వేశారు. అంచుల్లో రంగు పెచ్చులు లేచినచోట పాత పచ్చరంగు కనిపిస్తోంది. ఆ పచ్చరంగు బొసిబొరికి తెలుసు. ఇరవై ఒక్కేళ్ళ కింద దాని ఎదురుగా చాలాసేపు నిలబడింది. ఇప్పుడు తలుపు తట్టకుండా గోడవారనున్న బల్ల మీద కూర్చుండిపోయింది.

క్లాసు వదిలినట్టున్నారు, అమ్మాయిలు గుంపుగా వరండాలోంచి వెళ్తున్నారు. బల్ల మీద ముగ్గురు ఆడవాళ్ళనీ, కోడినీ చూశారు. అందరి చూపూ కెముంటొ పొట్ట మీదికి పోయి, ఒకళ్ళ మోచెయ్యి ఒకళ్ళకి తగిలింది.

"ఏం చూస్తున్నారే పిల్లల్లారా?" అంది గెసారె. "దానిదేముంది చూడ్డానికి, చీపురుపుల్ల. చూస్తే నాది చూడండి, ఏడు కాన్పుల పొట్ట."

ఒక పిల్ల నవ్వు ఆపుకోలేక దగ్గింది. అందరూ గబగబా మెట్లు దిగిపోయారు. కెముంటొ స్కార్ఫ్ మొహానికి అడ్డం పెట్టుకుంది.

తలుపు తెరుచుకుంది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "రండి మామ్మగారూ. నా పేరు న్యాంచామా. అబ్బో, కోడి కూడా వచ్చిందే."

"కోడి మాది కాదు," అంది గెసారె. "కోడలిది. అంటే నాదే, కానీ తేవడం కోడలు తెచ్చింది."

లోపల ఇప్పుడు నర్సు బల్ల లేదు, తెర లేదు. నాలుగు కుర్చీలు, ఒక మూల పాటల బృందం డ్రమ్ములు, కిటికీ దగ్గర ఫ్లాస్కు. బొసిబొరి కుర్చీ అంచున కూర్చుని సంచి ముందుకి జరిపింది. దారిలో కూడగట్టుకున్న మాటలన్నీ ఒక్కసారిగా వచ్చేశాయి. "మేడం, చిన్నపిల్ల. తెలియక చేసింది. ఈ ఒక్కసారికి పంపించెయ్యకండి. కాన్పయ్యాక బిడ్డని నేను పెంచుకుంటాను, చదువు మాత్రం..."

"ఏ కాన్పు?" అంది న్యాంచామా.

సంచిలో కోడి గొణిగింది.

"నేను చెప్పాను," అంది గెసారె.

న్యాంచామా కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "అమ్మా, మీ అమ్మాయికి కడుపూ లేదు, తప్పూ లేదు. ఒకవేళ కడుపొచ్చినా ఇప్పుడెవర్నీ ఇంటికి పంపెయ్యరు, ఆ పద్ధతి పోయి చాలా ఏళ్ళయింది. తను క్లాసులోంచి వెళ్ళిపోయింది. ఫోన్ ఎత్తలేదు. ఒక్కదాన్నే రమ్మంటే రాదు, ఇంటివాళ్ళని పిలిస్తే లాక్కొనైనా వస్తారు అనుకుని కాగితం రాశాను. ఆ ముద్ర చూసి మీరు ఇలా అనుకుంటారని నాకు తట్టలేదు. తప్పు నాదే."

బొసిబొరి వీపు మొదటిసారి కుర్చీకి ఆనింది. కూతురి మొహంకేసి చూసింది. కెముంటొ నోరు తెరిచి తల్లినే చూస్తోంది. ఇంట్లో తనకి కడుపనుకుంటున్నారని ఆ పిల్లకి నానమ్మ ప్రశ్న వల్ల కొంచెం తెలుసు గాని, అమ్మ కాన్పు దాకా వెళ్ళిపోయిందని తెలియదు.

"మీరొక్కరే కాదులెండి, ఇక్కడ అందరూ అలాగే అనుకుంటారు." న్యాంచామా సొరుగులోంచి బిస్కెట్ల డబ్బా తీసింది. అందులో చిన్న చిన్న కాగితం ముక్కలు. "నేనొచ్చి రెండేళ్ళయింది. వాళ్ళంతట వాళ్ళు నా దగ్గరికి వచ్చినవాళ్ళు తొమ్మిదిమంది. అందులో ఆరుగురు డ్రమ్ముల కోసం వచ్చారు. సంగతేమిటో తెలుసుకుందామని పోయిన టర్ములో ముక్కలు పంచాను. ఈ గది ఎందుకుంది, పేరు రాయకుండా రాయండి అని."

"ఏం రాశారు?" గెసారెకి ఎవరేమనుకుంటున్నారో తెలుసుకోవడం చాలా ఇష్టం. "నాకు అక్షరాలు రావు. కెముంటొ, చదవ్వే."

కెముంటొ డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. మొదటి ముక్క చదివేటప్పుడు గొంతు గరగరలాడింది. "కడుపొచ్చినవాళ్ళని పట్టుకోవడానికి." రెండోది. "అదే." మూడోది. "ఆ గదిలోకి వెళ్తే మార్కులు తగ్గిస్తారు." నాలుగోది చదివి పెదవి కొరుక్కుంది. "మేడం భర్త దూరంగా ఉంటారట, అందుకని కూర్చోడానికి ఇచ్చారు."

"నిజమేనా?" అంది గెసారె.

"మా ఆయన ఇక్కడే పోస్టాఫీసులో పనిచేస్తాడండీ."

కెముంటొ తర్వాతి ముక్కలు తీసింది. "డ్రమ్ములు దాచే గది. మొదటి రోజు మీటింగులో ఏదో చెప్పారు గాని, అప్పుడు భోజనం గంట కొట్టారు. దెయ్యం పట్టినవాళ్ళకి." కెముంటొ ఇప్పుడు నవ్వుతోంది. ముక్క తర్వాత ముక్క చదువుతోంది, గొంతు గది ఆ చివరి దాకా వినపడుతోంది. బొసిబొరి ఆ గొంతు విని రెండు వారాలు కావస్తోంది. ఇంకో ముక్క తీసి, ఆ పిల్ల ఆగిపోయింది.

"చదువు మరి."

"నాకు తెలీదు. నాకు అవసరం రాదు." కెముంటొ ముక్కని వేలితో నిమిరింది. "ఇది నాదే."

న్యాంచామా ఫ్లాస్కులోంచి టీ పోసి అందరికీ ఇచ్చింది. ఆ తర్వాత గాని అడగలేదు. "ఆ రోజు ఏమైందమ్మా?"

కెముంటొ నానమ్మకేసి తిరిగింది. తల్లి ఉన్న గదిలో ఇలాంటివి అటు తిరిగే చెప్పాలి. "నాలుగో తరగతి నానమ్మా. పిల్లలు మంచివాళ్ళే. మూడు వారాలు బాగానే చెప్పాను. మార్కులేసే సార్ వచ్చి ఫైలు పట్టుకుని వెనక బల్ల మీద కూర్చున్నారు. బోర్డు మీద రాసి, ఇటు తిరిగాను. మాట రాలేదు. మింగుతున్నాను, రావట్లేదు. ముందు బల్లలో చిన్నపిల్ల ఒకతి, పాపం, 'నేను చెప్పనా టీచర్' అంది. చెప్పేసింది కూడా. అంతా చప్పట్లు కొట్టారు. నేను సుద్దముక్క బల్ల మీద పెట్టి బయటికొచ్చేశాను."

"గొంతుకి మందేసుకోలేదూ?" అంది గెసారె.

"వార్డెన్ దగ్గర బిళ్ళలు తీసుకున్నాను. తేనె కొన్నాను. పాస్టరుగారితో ప్రార్థన చేయించుకున్నాను."

"ఇక్కడికి?"

"ఇక్కడికెందుకొస్తాను నానమ్మా? నాకు కడుపు రాలేదుగా."

గెసారె టీ గొంతుకి అడ్డంపడి దగ్గింది. న్యాంచామా కూడా నవ్వింది. "ఆ సార్ నిన్ను ఫెయిల్ చెయ్యలేదు, తెలుసా? చీటీ రాసి ఇచ్చాడు నాకు. ఈ పిల్లకి పాఠం వచ్చు, నేను కూర్చుంటేనే రాదు, కాస్త చూడండి అని. ఆయన వెనక కూర్చుంటే నీకేమనిపించింది?"

కెముంటొ చేతిలో కప్పు తిప్పింది.

"అమ్మ కూర్చున్నట్టనిపించింది."

బొసిబొరికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. దుకాణంలో, చర్చిలో, తేయాకు కోసేచోట అందరి ముందూ తను పిలిచే పిలుపు గుర్తొచ్చింది. మా టీచరమ్మ. పిల్లకి పదేళ్ళున్నప్పట్నుంచీ అదే పిలుపు. కొండ కొండంతా అలాగే పిలవడం మొదలుపెట్టింది. పరీక్ష ఇంకా రాయని పిల్లని.

లేచి వెళ్ళిపోవాలనిపించింది. వెళ్తే కూతురు ఆ మాట అన్నందుకు జీవితాంతం ఏడుస్తుంది. కిటికీకేసి తిరిగి, అత్తగారిని పిలిచింది.

"అత్తయ్యా, మీ మనవరాలితో చెప్పండి. వాళ్ళమ్మ కూడా ఈ గదిలో నిలబడింది."

గెసారె కోడలి మొహం చూసి, సంగతి అర్థం చేసుకుంది. మనవరాలివైపు తిరిగి, పక్కింటి కబురు మోసుకొచ్చినట్టుగా చెప్పింది. "మీ అమ్మ కూడా ఈ గదిలో నిలబడిందటే."

"ఇరవై ఒక్కేళ్ళ కింద. ఇక్కడ నర్సు ఉండేది. టర్ము మొదలవగానే ఆడపిల్లలందర్నీ వరసగా నిలబెట్టి చూసేవాళ్ళు."

"వరసగా నిలబెట్టేవాళ్ళట."

"నన్ను ఆ సాయంత్రమే పంపేశారు."

"పంపేశారు. అక్కడ్నుంచి నాకు తెలుసు, నేనే చెప్తాను." గెసారె కుర్చీ ముందుకి లాక్కుంది. "వానలో వచ్చిందే మా గుమ్మంలోకి. నెత్తిన రేకు పెట్టె. బట్టలున్నాయేమో, ఆరేద్దామని తీశాను. రెండే గౌన్లు. మిగతా అంతా పుస్తకాలు. కాన్పు నొప్పులప్పుడు కూడా ఆ పెట్టె తన మంచం కింద ఉందా లేదా అని అడిగింది."

కెముంటొ కప్పు కింద పెట్టేసింది. ఆ రేకు పెట్టె తనకి తెలుసు. కాలేజీకి వచ్చిన రోజు తన పుస్తకాలు అందులోనే సర్దారు.

"చెప్పండి అత్తయ్యా," అంది బొసిబొరి. "ఆ పెట్టె నేను దాని నెత్తిన పెట్టాను. మొయ్యగలవా అని అడగలేదు. ఇక అది టీచరైతే అవుతుంది, ఆకు తూస్తే తూస్తుంది. ఏది చేసినా వాళ్ళమ్మ వెనక బల్ల మీద కూర్చోదు."

గెసారె ఈసారి ఆ మాటలు మళ్ళీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది.

కెముంటొ స్కార్ఫ్‌తో ముక్కు తుడుచుకుంది. "నానమ్మా, అమ్మతో చెప్పు. నాకిష్టం లేదని నేనెప్పుడూ అనలేదు. నాకు ఆ నాలుగో తరగతి పిల్లలంటే ఇష్టమే."

"విన్నావుగా," అంది గెసారె కోడలితో. "నా గొంతు ఎండిపోయింది, మీ ఇద్దరి మధ్య. మేడం, ఇంకొంచెం టీ ఉందా?"

తర్వాత మాటలు తేలిగ్గా నడిచాయి. మిగిలిన మూడు వారాల ప్రాక్టీసు మళ్ళీ చెయ్యొచ్చంది న్యాంచామా. వారానికి రెండుసార్లు ఈ గదిలో ముందు ఇద్దరికి, తర్వాత నలుగురికి పాఠం చెప్పి చూడాలి. అలవాటు పడ్డాకే ఆ సార్ వస్తాడు, వచ్చినా వెనక కూర్చోడు, పిల్లల పక్కనే కూర్చుంటాడు. "నీలాగా గొంతు పట్టేసినవాళ్ళు ఈ కాలేజీలో ఇంకా ఉంటారు. అందరూ తేనె కొనుక్కుంటున్నారు," అంది. "ఇప్పుడే ఏం చెప్పక్కర్లేదు. ఇంటికెళ్ళి ఆలోచించుకో. వద్దనుకున్నా, అది చెప్పడానికి కూడా ఇక్కడికి రావచ్చు."

లేచేటప్పుడు బొసిబొరి సంచి ముందుకి పెట్టింది. న్యాంచామా రెండు చేతులూ అడ్డంపెట్టింది. "కోడి తీసుకుంటే నా ఉద్యోగం పోతుందమ్మా."

గెసారె అప్పటికే సంచి ఎత్తి చంకలో పెట్టేసుకుంది. "అలాగే మేడం, మీ మాట కాదనలేం."

*

కోడి ఇంటికి తిరిగొచ్చిందని అందరికంటే ముందు బొసిబొరి చిన్నకూతురు మొరా చూసి, చెల్లమ్మలా ఎత్తుకుని పెరట్లోకి పోయింది. ఒంబాటి గుమ్మంలోనే ఉన్నాడు. పడుకున్నవాడి మొహంలా లేదు. తల్లి బూట్లు విప్పుకుంటూ, "ఏం లేదురా. గొంతు పట్టేసింది, అంతే," అంది. అతను తల ఊపి, ఇంటి వెనక్కి వెళ్ళి, చాలాసేపు కట్టెలు కొట్టాడు. రేపటికీ ఎల్లుండికీ కూడా సరిపోయేటన్ని కొట్టాడు.

చీకటి పడేవేళ సంకటి గిన్నె మధ్యలో పెట్టి అందరూ చుట్టూ కూర్చున్నారు. వాయింటాకు కూరలో బొసిబొరి ఆ రోజు పాలు కాస్త ఎక్కువే పోసింది. కెముంటొ పెద్ద ముద్ద తుంచుకుంది. అది తినేదాకా బొసిబొరి చూసింది, ఆపైన చూడటం మానేసింది.

ఒంబాటి చెయ్యి కడుక్కుని, డ్యూటీకి కోటు అందుకున్నాడు. "సూపర్‌వైజర్‌కి ఏం చెప్పను?" అన్నాడు, ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా.

మాట బొసిబొరి నోటి దాకా వచ్చింది. ఆ ఇంట్లో కూతురి చదువు సంగతి ఎవరడిగినా జవాబు ఎప్పుడూ తనే చెప్పేది. ఒక ముద్ద తుంచి నోట్లో పెట్టుకుంది. గెసారె పక్కకి చూసి, కోడలు నములుతోందని చూసి, తనూ ఊరుకుంది.

"ఆ చోటు వేరేవాళ్ళకి ఇచ్చెయ్యమను నాన్నా," అంది కెముంటొ. నానమ్మవైపు తిరగలేదు, గొంతు పెంచలేదు. "నేను సోమవారం వెళ్తున్నాను. ముందు ఆ గదికి వెళ్తాను, తర్వాత నాలుగో తరగతికి."